మట్టెవాడ పాత ఇంట్లో టేకు దంతెల మీద గ్రానైట్ పరిచిన పని

నన్ను పిలిచేసరికే రాయి ఇంటికి వచ్చేసింది. కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్, 18 మి.మీ. మందం, రెండడుగుల చదరాలుగా కోయించి వాకిట్లో గోడకు ఆనించి పెట్టారు. వరంగల్ మట్టెవాడలో అదొక పాత మేడ ఇల్లు. కింద హాలు, పైన ఒకే పెద్ద గది. పై గదిలో గచ్చు పగిలి లేచిపోయింది. దాన్ని తీసేసి గ్రానైట్ వేయాలి, కొడుకు కుటుంబం వచ్చి ఉంటుంది, పది రోజుల్లో అయిపోవాలి అన్నది యజమాని మాట. ఆయన రిటైరైన లెక్కల సారు. నేను పాత ఇండ్ల మరమ్మతులు చేసే సివిల్ డిప్లొమావాడిని.

పైకి వెళ్లి గది నడుమ నిలబడి, మడమలెత్తి ఒక్కసారి బలంగా దిగాను. గోడ అలమరలో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి.

"సార్, దీని మీద ఇప్పుడే రాయి వేయలేం."

"ఏటూరునాగారం టేకు తమ్మీ అది. మా తాత వేయించిండు. ఏనుగు ఎక్కినా ఇరుగది" అన్నాడాయన.

నిజమే, విరగదు. నా భయం విరుగుతుందని కాదు, వంగుతుందని. కట్టె నేలకు బలం వేరు, బిగువు వేరు. ముప్పై మంది పెళ్లివాళ్లు కూర్చున్నా కూలని నేల కూడా ఒక్క మనిషి నడిస్తే నాలుగు మిల్లీమీటర్లు కుంగి లేవొచ్చు. చాప పరిచినప్పుడు ఆ కుంగు ఎవరికీ తెలియదు. గచ్చు దాన్ని కొంత ఓర్చుకుంటుంది, సన్న సన్న పగుళ్లుగా పంచుకుంటుంది. గ్రానైట్ ఓర్చుకోదు. అది వంగదు, కింది కట్టె వంగుతుంది. అప్పుడు ఇద్దరి మధ్య ఉన్న అంటు ఊడుతుంది, లేదా జాయింటు పగులుతుంది, లేదా రాయే విరుగుతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. చాలా ఏండ్ల కింద జనగామ వైపు ఒక పాత ఇంట్లో చెక్క నేల మీద రెండంగుళాల ఇసుక సిమెంటు వేసి, సిమెంటు పాలు పోసి, దాని మీద టైల్స్ పరిపించాను. మామూలు స్లాబు మీద చేసినట్టే వారం రోజులు నీళ్లు పట్టించాను. ఆ నీళ్లన్నీ కింది చెక్కలు తాగి ఉబ్బాయి. ఎండకాలం వచ్చేసరికి ఎండి ముడుచుకున్నాయి. మరుసటి వానకాలానికి గది నడుమ ఒక వరుస టైల్స్ గుడారంలా లేచాయి. ఇంటావిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నా సొంత డబ్బుతో తీసేసి మళ్లీ వేశాను. కట్టె నేల అంటే అప్పటినుంచి ముందు కిందికి చూస్తాను, పైన పరిచే సరుకు తర్వాత.

విప్పి చూస్తే

మొదటి నాలుగు రోజులు గచ్చు, దాని కింది మట్టి తీయడమే పని. సగటున నాలుగంగుళాల మందం. పైన డంగు సున్నం, కింద మట్టి. ఘనమీటరుకు 1,700 కిలోలు వేసుకున్నా చదరపు మీటరుకు 170 కిలోలు. దాని కింద అంగుళం మందం టేకు చెక్కలు, ఆ చెక్కల కింద దంతెలు. దంతె అంటే గోడ నుంచి గోడకు వేసే అడ్డకట్టె. ఇక్కడ తొమ్మిది ఉన్నాయి. ఒక్కొక్కటి మూడంగుళాల వెడల్పు, ఆరంగుళాల లోతు, మధ్య దూరం అడుగున్నర, గోడల మధ్య ఖాళీ 3.3 మీటర్లు.

చెక్కలకు సుద్దతో నంబర్లు వేసి, విప్పి, వరండాలో పేర్చాం. ఈ నంబర్ల పని విసుగు పుట్టిస్తుంది కానీ తప్పదు. పాత చెక్కలు ఏండ్ల తరబడి ఒకదానికొకటి ఒరుసుకుని అమరి ఉంటాయి. వరుస మారితే మళ్లీ అలా కూర్చోవు.

సన్న స్క్రూడ్రైవరుతో ప్రతి దంతెను అడుగడుగునా పొడిచి చూశాను. నడుమ భాగం ఇనుములా ఉంది. పడమటి గోడలోకి దూరిన కొసల దగ్గర మాత్రం మూడు దంతెల్లో స్క్రూడ్రైవరు అంగుళంన్నర దిగిపోయింది. వాన కొట్టేది ఆ గోడకే. బయట సున్నం రాలిపోయి గోడ తడి పీల్చుకుంటోంది, ఆ తడి కొస నుంచి కట్టెలోకి ఎక్కింది. అందులో ఒకదానికి చెదలు కూడా తోడయ్యాయి. పాత ఇండ్లలో దంతెలు ఎప్పుడూ కొసల్లోనే చస్తాయి. నడుమ తట్టి చూసి బాగుందని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లను నమ్మవద్దు.

అలాగే రసమట్టం పెట్టి చూస్తే గది నడుమ దంతెలు 18 మి.మీ. కుంగి ఉన్నాయి. ఏండ్ల తరబడి గచ్చు బరువు మోసి మోసి కట్టె ఆ వంపులో స్థిరపడిపోయింది. బరువు దించాక ఐదారు మిల్లీమీటర్లు తనంతట తానే లేచింది. మిగిలింది లేవలేదు.

లెక్క

సారు లెక్కల మాస్టరు కాబట్టి ఆయన ముందే కాగితం పెట్టి చేశాను. ఆయనను ఒప్పించింది నా మాటలు కావు, ఈ లెక్కే.

ముందు బరువు. పాత నేల చదరపు మీటరుకు గచ్చు 170, చెక్కలు 16, దంతెల సొంత బరువు మరో 16, అంటే 200 కిలోలు దాటుతుంది. కొత్తది: గ్రానైట్ 18 మి.మీ.కి 49, జిగురు రెండు పూతలకు 10, ప్లైవుడ్ 12 లేదా 13, చెక్కలు, దంతెలు కలిపి 32. మొత్తం 105 దాకా. అంటే రాయి వేసినా పాత దానిలో సగమే. కానీ మేస్త్రి అలవాటు ప్రకారం రెండంగుళాల ఇసుక సిమెంటు వేస్తే అదొక్కటే 105 కిలోలు. బరువు తెచ్చిపెట్టేది రాయి కాదు, దాని కింది పరుపు.

ఇక వంగడం. ఇండ్లలో మనుషులు, సామాను కోసం మన భారతీయ ప్రమాణం (కోడు) ఐఎస్ 875 చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు పట్టుకోమంటుంది. దానికి రాయి, జిగురు బరువు 60 కిలోలు కలిపాను. దంతెలు అడుగున్నరకొకటి కాబట్టి ఒక్కో దంతె మీద మీటరు పొడవుకు 1.17 కిలోన్యూటన్లు. మూడంగుళాలు, ఆరంగుళాల కట్టెకు జడత్వ భ్రామకం, అంటే కట్టె ఆకారం వంపును ఎంత ఎదిరిస్తుందో చెప్పే అంకె, సుమారు 2.1 కోట్ల మి.మీ. నాలుగో ఘాతం. టేకు స్థితిస్థాపకత, అంటే ఆ కట్టె గుణంలోని బిగువు, చదరపు మి.మీ.కి 10,000 న్యూటన్లు అనుకున్నాను. వీటన్నిటినీ దంతె కుంగు లెక్కకట్టే మామూలు సూత్రంలో వేస్తే నడుమ కుంగు 8.6 మి.మీ. వచ్చింది.

పెంకులు, స్లేటు లాంటి పెళుసు సరుకును మోసే కట్టెకు ఐఎస్ 883 పెట్టిన హద్దు పొడవులో 360వ వంతు. మన గదికి అది 9.2 మి.మీ. అంటే మన కోడు ప్రకారం ఈ దంతెలు గట్టెక్కుతాయి. కానీ సహజ రాతికి ఆ హద్దు చాలదు. అమెరికాలో రాతి, టైల్స్ పరిశ్రమ రాతి నేలకు పాటించే హద్దు దానికి సగం, 720వ వంతు. అంటే 4.6 మి.మీ. నేను రాయికి ఎప్పుడూ దాన్నే పట్టుకుంటాను.

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అంటే బిగువు రెండింతలు కావాలె."

"రెండింతలకు కొంచెం తక్కువైనా నడుస్తది సార్. కానీ రెండింతలే చేద్దాం."

ఆయనకు ఇంకో ఆశ ఉండింది. షాపులో ఎవరో చెప్పారట, వంగే జిగురు ఉంది, ఎస్2 రకం, అది వాడితే కింద ఏమున్నా ఫరవాలేదని. ఈ మాట నేను చాలా చోట్ల విన్నాను, విన్నప్పుడల్లా బాధేస్తుంది. ఎస్1 అంటే పరీక్షలో సన్నటి జిగురు పట్టీ 2.5 మి.మీ. పైన, 5 మి.మీ. లోపు వంగి విరుగుతుందని. ఎస్2 అంటే 5 మి.మీ. గానీ ఆపైన గానీ వంగుతుందని. అది జిగురు గుణం. నేల అంత కుంగవచ్చని జిగురు అనుమతి ఇచ్చినట్టు కాదు. జిగురు వంగినా దాని మీది గ్రానైట్ వంగాలి కదా.

దంతెకు జోడు

దారులు రెండు. హాలు నడుమ కింద ఒక ఇనుప దూలం అడ్డంగా వేస్తే దంతె పొడవు సగమవుతుంది. కుంగు పొడవుకు నాలుగో ఘాతంలో తగ్గుతుంది కాబట్టి లెక్కలో ఇదే మేలు. కానీ ఆ దూలం కొసల కింద గోడకు చిన్న చోట పెద్ద బరువు పడుతుంది. సున్నపు గోడలో ఆ చోటు గట్టిచేయడం పెద్ద పని. పైగా హాలు పైకప్పు తొమ్మిదడుగులే. దానికంటే ముందు పెద్దమ్మ, సారు తల్లి, ఎనభై దాటిన మనిషి, హాలులో మంచం మీద పడుకుని పైకి చూపించి అన్నది: "నేను కాపురానికొచ్చిన్నాటి నుంచి గీ దంతెలే చూసుకుంట పండుకుంటున్న బిడ్డా. నడుమల ఇనుము పెట్టకు."

రెండో దారి ప్రతి దంతె పక్కన అదే లోతున్న మరో దంతెను ఆనించి బోల్టులతో బిగించడం. జడత్వ భ్రామకం రెండింతలు, కుంగు సగం, 4.3 మి.మీ. హద్దు లోపలే. పైనుంచి చెక్కలు విప్పే ఉన్నాయి కాబట్టి ఇది సుళువు కూడా. కొత్త కట్టె కొనలేదు. కొత్త టేకు ఎంత ఎండిందన్నా ఇంకా ముడుచుకుంటుంది. పడగొట్టిన పాత ఇండ్ల కట్టె అమ్మేచోట తిరిగి తొమ్మిది దంతెలు ఏరాం. మా వడ్లాయన ఒక్కొక్కదాన్ని తట్టి, కొస కోసి వాసన చూసి, పద్దెనిమిదింటిని పక్కకు నెట్టేశాడు. రెండు రోజులు పోయాయి. ఆ రెండు రోజులకు నేను ఏనాడూ బాధపడలేదు.

కుంగిన దంతెలను ముందు పైకి లేపాలి. కింద హాలులో అడ్డంగా ఒక బలమైన కట్టె, దాని కింద సెంట్రింగ్ జాకీలు. రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తిప్పలేదు. ఒక్క రోజులో లేపితే పాత కట్టె చిట్లుతుంది, పైన గోడ కీలు కదులుతుంది. ఐదో రోజుకు సరిపడా లేచింది. పూర్తిగా సమం చేయాలని పట్టుబట్టలేదు. కొత్త దంతెల పైఅంచును రసమట్టానికి పెట్టి బిగిస్తే చెక్కలు వాటి మీదే కూర్చుంటాయి. పాత దంతె నడుమ రెండు మూడు మిల్లీమీటర్లు దిగువన ఉన్నా నష్టం లేదు, అక్కడ సన్న చీలికలు దోపాం.

బోల్టులు 12 మి.మీ., అడుగుంబావుకు ఒకటి, ఒకటి పైన ఒకటి కింద మార్చి మార్చి. రెండు కట్టెల నడుమ జిగురు కూడా. ఈ పనిలో తొందరపడి నాలుగు మేకులు కొట్టి వదిలేస్తే రెండు కట్టెలు వేటికవే కదలవచ్చు, జోడు పేరుకే మిగలవచ్చు.

పుచ్చిన మూడు కొసలను గట్టి కట్టె దొరికేదాకా కోసేశాం. అక్కడ జోడు దంతె గట్టిది కాబట్టి దాని కొసనే గోడలో కూర్చోబెట్టాం. కింద ఒక గ్రానైట్ ముక్క, దాని మీద తడి ఎక్కకుండా ప్లాస్టిక్ పట్టీ. కట్టె చుట్టూ అరంగుళం ఖాళీ వదిలాం. మేస్త్రి ఆ ఖాళీ చూసి సిమెంటు పట్టుకొచ్చాడు. వద్దన్నాను. కట్టె కొసకు గాలి తగలాలి. నాలుగు వైపులా సిమెంటుతో బిగిస్తే మనమే దానికి తడి గుడ్డ చుట్టినట్టు. బయటి గోడకు సున్నపు గిలాబా మళ్లీ చేయించాం, లేకపోతే ఈ మరమ్మతు అంతా పదేండ్ల ముచ్చటే. కట్టె మొత్తానికి బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు రెండు పూతలు పూసి ఆరబెట్టాం.

తర్వాత పరీక్ష. ఐదు దంతెల మీద 50 కిలోల ఇసుక బస్తాలు ముప్పై పరిచాం, చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. నడిమి దంతె కింద కుంగు కొలిచే డయల్ గేజీ. జోడు వేయకముందు ఇదే పరీక్ష, గట్టిగా ఉన్న దంతెల మీదే, జాకీలు రెండంగుళాలు దించి కాపలాగా పెట్టి చేస్తే 7 మి.మీ. కుంగింది. ఇప్పుడు 3 మి.మీ. రాయి బరువు కలుపుకుంటే 4 మి.మీ. లోపే. సారు తానే వంగి గేజీ చదివి, కాగితం మీద తన చేత్తో రాసుకున్నాడు.

చెక్కకూ రాయికీ మధ్య

దంతెలు బిగిసినంత మాత్రాన చెక్కల మీద నేరుగా రాయి అతికించకూడదు. వరంగల్ ఎండకాలం 43, 44 డిగ్రీలకు పోతుంది, కట్టె గలగలలాడేట్టు ఎండుతుంది. శ్రావణంలో అదే కట్టె తేమ పీలుస్తుంది. ఆ ఇంట్లో తేమ మీటరు ఏప్రిల్లో 8 శాతం చూపించింది, ఆగస్టులో 14. టేకు మంచి కట్టె, మిగతా వాటికంటే తక్కువ కదులుతుంది. అయినా తేమ ఒక్క శాతం మారితే వెడల్పులో సుమారు 0.2 శాతం దాకా మారుతుంది. ఎనిమిదంగుళాల చెక్క ఆరు శాతం తేడాకు రెండు మిల్లీమీటర్ల పైనే ఉబ్బుతుంది. ప్రతి చెక్కా అంత కదిలితే దాని మీద అతుక్కున్న రాయి ఎటు పోవాలి?

అందుకే నంబర్ల ప్రకారం చెక్కలు తిరిగి వేసి, మేకుల బదులు స్క్రూలు బిగించి, పైన 18 మి.మీ. మెరైన్ ప్లైవుడ్, ఐఎస్ 710 ముద్ర ఉన్నది, వేశాం. ప్లై పొరలు అడ్డం నిలువు అతికి ఉంటాయి కాబట్టి తేమకు దాని వెడల్పు దాదాపు మారదు. షీట్లను వారం ముందే తెచ్చి అదే గదిలో నిలబెట్టాం, గది తేమకు అలవాటు పడాలని. షీటుకు షీటుకు మధ్య 3 మి.మీ., గోడల దగ్గర 6 మి.మీ. ఖాళీ. షీట్ల అతుకులు దంతెల మీదికి రాకుండా జరిపాం. స్క్రూలు చెక్కల్లోకే, దంతెల్లోకి దిగకుండా పొడవు చూసి కొన్నాం. మా వడ్లాయనకు ఇది నచ్చలేదు, దంతెలో బిగిస్తేనే గట్టి కదా అన్నాడు. దంతె వంగినప్పుడు ఆ వంపు నేరుగా ప్లైకి, ప్లై నుంచి రాయికి ఎక్కకూడదనే ఇలా చేస్తామని చెప్పాను. కాసేపు ఆలోచించి తలూపాడు.

ప్లై మీద ప్రైమరు, దాని మీద డీకప్లింగ్ మ్యాట్, అంటే గుంటలు గుంటలుగా ఉండే 3 మి.మీ. ప్లాస్టిక్ పరుపు. కింది కట్టె పక్కలకు కాస్త జరిగినా ఆ జరుగుడు రాయి దాకా పోకుండా మధ్యలో ఆపుతుంది. ఒక మాట స్పష్టంగా చెప్పాలి: ఈ మ్యాట్ పక్కలకు జరిగే కదలికనే ఆపుతుంది. పైకీ కిందికీ కుంగేదాన్ని ఆపలేదు. దంతెల పని ఎగ్గొట్టి మ్యాట్ మీద భారం వేసినవాళ్ల ఇండ్లకు రెండుసార్లు మరమ్మతుకు పోయాను.

రాయి

పరవడం నాలుగు రోజుల్లో అయింది. ఒక్కో పలక 18 కిలోలు. గ్రానైట్ వెనక కోత బూడిద సన్నగా అంటుకుని ఉంటుంది, దాని మీద ఏ జిగురూ పట్టదు. తీగ బ్రష్షుతో రుద్ది కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే వాడాం. మ్యాట్ మీద పళ్ల తాపీతో గీతలుగా జిగురు, రాయి వెనక కూడా పల్చటి పూత. మొదటి మూడు పలకలు వేసిన వెంటనే ఎత్తి చూపించాను. ఒక మూల అరచేయంత చోటు జిగురు అంటలేదు. మేస్త్రి అప్పటినుంచి తానే పదింట్లో ఒకటి ఎత్తి చూసుకున్నాడు.

మా మేస్త్రులు గ్రానైట్‌ను జాయింటు లేకుండా అంచుకు అంచు ఆనించి వేసి పాలిష్ పట్టిస్తారు. స్లాబు మీద అది అందం. కట్టె మీద మాత్రం 3 మి.మీ. సందు వదలాల్సిందే. గోడల పొడుగునా 8 మి.మీ. ఖాళీ వదిలి సిలికాన్ నింపాం, స్కర్టింగ్ గోడకే అతికించి నేలకు తాకనివ్వలేదు.

గడప దగ్గర ఒక చిక్కు వచ్చింది. పాత గచ్చు నాలుగంగుళాలు, కొత్త పొరలన్నీ కలిపి రెండంగుళాలు. నేల రెండంగుళాలు దిగింది, గడప ఆ మేరకు ఎత్తయింది. గడప కోయడం అన్న మాట ఆ ఇంట్లో ఎత్తలేం. ప్లై పొరలు పెంచి నేల లేపుదామంటే బరువూ ఖర్చూ పెరుగుతాయి. చివరికి గడప లోపలి వైపు అడుగు వెడల్పున అంగుళం ఎత్తు మెట్టులా అదే గ్రానైట్ పట్టీ, కింద ప్లై ముక్కతో వేశాం. పెద్దమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లెక్కి వచ్చి, దాని మీద కాలు పెట్టి చూసుకున్నది.

మొత్తం నలభై ఒక్క రోజులు. అందులో రాయి పరిచింది నాలుగు రోజులు.

ఆ తర్వాత ఒక వానకాలం, ఒక ఎండకాలం గడిచాయి. నాలుగుసార్లు వెళ్లి ప్రతి పలకనూ నాణెంతో కొట్టి చూశాను. ఒక్కటీ బోలుగా మోగలేదు. ఒక్క చోట తప్పు జరిగింది. గది ద్వారం బయట తర్వాతి కాలంలో కట్టిన కాంక్రీటు బాల్కనీ ఉంది. కట్టె నేల, కాంక్రీటు కలిసే చోట సిలికాన్ కోసం వదిలిన సందును, నేను లేని పూట, సగం దాకా గ్రౌటుతో, అంటే గట్టిపడే జాయింటు సిమెంటుతో, నింపేశారు. కార్తీకంలో అక్కడ వెంట్రుక వాసి చీలిక కనబడింది. ఆ గ్రౌటు మొత్తం కోసి తీసి, అడుగున ఫోమ్ తాడు పెట్టి, సిలికాన్ పోశాను. మొన్న ఉగాది ముందు వెళ్లినప్పుడు అది చెక్కు చెదరకుండా ఉంది. మనవరాలు గదంతా ఎగిరి దూకుతుంటే అలమర దగ్గర నిలబడి విన్నాను. గ్లాసులు మోగలేదు.